చెంఘిజ్‌ఖాన్‌గా జాన్ వేన్, బెన్-హర్‌లో ఎర్రకారు: పాత హాలీవుడ్ చరిత్ర చిత్రాల తప్పుల చిట్టా

పాతరీలు (చర్చ మొదలు):

1950 నుంచి 1966 దాకా వచ్చిన హాలీవుడ్ భారీ చారిత్రక, పురాణ చిత్రాల్లో తప్పులన్నీ ఒకచోట చేరుద్దామని ఈ చర్చ. సరిపడని నటుల ఎంపిక, కాలానికి అతకని వస్తువులు, తారుమారైన చరిత్ర, ఏదైనా సరే. సినిమా పేరు, ఏడాది, సన్నివేశం తప్పక చెప్పండి. తప్పు ఎందుకు జరిగిందో కూడా చెప్పగలిగితే ఇంకా మంచిది. "ఎవరో అన్నారు" బాపతు వద్దు.

ముందు నా మూడు. ఒకటి, ది కాంకరర్ (1956)లో మంగోల్ నాయకుడు తెముజిన్‌గా (తర్వాతి చెంఘిజ్‌ఖాన్) జాన్ వేన్. రెండు, క్లియోపాత్రా (1963)లో ఈజిప్టు రాణిగా తెల్లజాతి ఎలిజబెత్ టేలర్. మూడు, బెన్-హర్ (1959) రథాల పందెంలో వెనక కనబడే ఎర్రకారు.

---

శిలాశాసనం:

మూడింట్లో ఒక్కటే నిలబడుతుందండీ.

ఎర్రకారు కట్టుకథ. ఆ పందెం కోసం రోమ్‌లోని చినెచిత్తా స్టూడియోలో దాదాపు 18 ఎకరాల్లో మైదానం కట్టారు. చుట్టూ ఎత్తైన ప్రేక్షకుల మెట్లే. కారు దూరాలంటే ఆ గోడ దాటి రావాలి. ఒక్కో ఫ్రేము ఆపి చూసినా అది దొరకదు. పందెంలో ఒకడి చేతికి గడియారం ఉందనే కథదీ ఇదే బాపతు.

క్లియోపాత్రా సంగతి. ఆమె ఏడో క్లియోపాత్రా, క్రీ.పూ. 69లో పుట్టింది. టోలెమీ వంశం మాసిడోనియా గ్రీకులది. అలెగ్జాండర్ సేనాని టోలెమీ మొదలుపెట్టిన వంశం, అన్నాచెల్లెళ్ల పెళ్లిళ్లతో దాదాపు మూడు వందల ఏళ్లు సాగింది. ఆ వంశంలో ఈజిప్టు భాష నేర్చిన మొదటి మనిషి ఈమేనని గ్రీకు రచయిత ప్లూటార్క్ మాటల్ని బట్టి తెలుస్తుంది. కాబట్టి టేలర్ ఒంటిరంగు మీద మీ అభ్యంతరం చెల్లదు. నాణేల మీది ముఖం వేరు: వంపు తిరిగిన ముక్కు, ముందుకొచ్చిన గడ్డం, వెనక్కి ముడి వేసిన జుట్టు. ఆ ముడి ఒక్కటైనా పెట్టి ఉంటే బాగుండేది.

ఆ సినిమాలో అసలు తప్పు వేరే ఉంది, జనం చూడరు. రాణి రోమ్‌లోకి ఊరేగింపుగా వచ్చే సన్నివేశం క్రీ.పూ. 46 నాటిది. ఆమె దాటి వచ్చే ద్వారం కాన్‌స్టంటైన్ తోరణం పోలికలో ఉంటుంది. ఆ తోరణాన్ని అంకితం చేసింది క్రీ.శ. 315లో. అంటే మూడున్నర శతాబ్దాలు ముందుకు జరిపారు. పైగా నగరమంతా తెల్లని పాలరాయి. ఇటుకల రోమ్‌ను అందుకుని పాలరాతి రోమ్‌ను వదిలిపోతున్నానని మొదటి రోమన్ చక్రవర్తి అగస్టస్ చెప్పుకున్నట్టు రోమన్ చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. ఆ అగస్టస్ అప్పటికి పదిహేడేళ్ల కుర్రాడు. పాలరాయి ఇంకా రాలేదన్నమాట.

---

గుర్రపుడెక్క:

శిలాశాసనం అన్నా, తోరణం దాకా ఎందుకు, గుర్రం మీద కూసున్నోడి కాళ్లు చూడు చాలు. రోమన్ల కాలంల రికాబు, అంటే రౌతు కాలు పెట్టే వలయం, లేదు. యూరప్‌కు రికాబు వచ్చింది క్రీ.శ. ఆరు, ఏడు శతాబ్దాలల్ల, అవార్లు అనే గుర్రపు తెగ తోని. రోమన్ రౌతు జీనుకు నాలుగు కొమ్ములుంటయ్, ముందు రెండు, వెనక రెండు. తొడలు ఆ కొమ్ముల నడుమ ఇరుక్కుంటయ్, అదే వాని పట్టు. పాత రోమ్ సినిమా ఏదన్నా పెట్టి గుర్రపు దండు వచ్చే కాడ ఆపి చూడుండ్రి. రికాబు కనవడతది, లేకుంటే దాన్ని దాచనీకి జీను మీద పరిచిన పొడుగు గుడ్డ కనవడతది.

ఇది తెలివి లేక చేసింది కాదు. వందల మంది గుర్రాలెక్కాలె, అండ్ల సగం మంది అరువు తెచ్చిన సైనికులు. రికాబు తీసేస్తే మొదటి మలుపుకే పడతరు. స్టంట్ మనిషి దూకనీకి, పక్కకు వేలాడనీకి గూడ రికాబే ఆధారం. గందుకే గుడ్డ కప్పిండ్రు.

తమాషా ఏందంటే, ది కాంకరర్‌ల రికాబులు తప్పు కాదు. మంగోలులకు రికాబులుండె. తప్పు దాని పొడుగుల ఉన్నది. మంగోల్ రౌతు పొట్టి రికాబు మీద లేచి నిలవడి బాణం ఏస్తడు. వాని గుర్రం గూడ పొట్టిది, గట్టిది, మెడ మందం. వేన్ ఎక్కింది అమెరికా పొడుగు గుర్రం. కూసునుడు గూడ కౌబాయ్ కూసునుడే, కాళ్లు చాపి, నడుము జారేసి. ముఖానికి ఎంత రంగు పూసినా ఆ కూసునుడు పట్టిస్తది.

---

కొత్తగావచ్చా:

అయితే ది కాంకరర్‌లో గుర్రం తప్ప కథ అంతా సరైనదేనా?

---

శిలాశాసనం:

అయ్యో, అంత మాట అనలేదండీ. కథ మొత్తం కలగాపులగం. మంగోలుల రహస్య చరిత్ర అనే గ్రంథం ఒకటుంది, పదమూడో శతాబ్దానిది. దాంతో పోల్చి చూడండి.

బోర్టే (సినిమాలో బోర్టాయ్) ఒంగిరాత్ తెగ పిల్ల. తెముజిన్‌కు తొమ్మిదేళ్ల వయసులో తండ్రే ఆ సంబంధం కుదిర్చాడు, ఆమె ఒక ఏడాది పెద్ద. సినిమాలో ఆమె తాతార్ నాయకుడి కూతురు. తాతార్లు తెముజిన్ తండ్రి యెసుగెయ్‌కి విషం పెట్టిన శత్రువులు. శత్రువు కూతురి మీద మోహం అయితే కథ రక్తికడుతుంది కదా, అందుకని మార్చారు.

సినిమాలో తెముజిన్ ఆమెను మెర్కిత్ తెగ భర్త దగ్గర్నుంచి ఎత్తుకొస్తాడు. నిజంగా అలా ఎత్తుకొచ్చింది తండ్రి యెసుగెయ్, తెచ్చింది తెముజిన్ తల్లి హోఎలున్‌ను. ఆ పగతోనే మెర్కిత్‌లు తర్వాత బోర్టేను ఎత్తుకుపోయారు. తండ్రి చేసింది కొడుక్కి అంటగట్టి, కోడలి కష్టాన్ని ఎగరగొట్టేశారు. ఆ మెర్కిత్ భర్తకు పెట్టిన పేరు తార్గుతాయ్. అసలు తార్గుతాయ్ తాయ్‌చిఊద్ తెగ నాయకుడు, కుర్రవాడైన తెముజిన్ మెడకు చెక్కబొండ వేసి బందీగా తిప్పినవాడు. పేర్లన్నీ గ్రంథంలోవే, మనుషులే వేరు. అంటే రాసినవాళ్లకు మూలం తెలియక కాదు, తెలిసే పేకముక్కల్లా కలిపారు.

---

మేకప్‌పెట్టె:

వేన్ ముఖం గురించి రెండు ముక్కలు.

ఆ రోజుల్లో తూర్పు ఆసియా కళ్ల మేకప్ రెండు మూడు రకాలుగా చేసేవారు. పాత పద్ధతిలో పలుచని చేపపొర ముక్కను స్పిరిట్ గమ్‌ అనే మేకప్ బంకతో కంటి కొసన అంటించి, చర్మాన్ని కణత వైపు లాగి కట్టేవారు. ఆ తాడు, అతుకు విగ్గు కింద దాక్కునేవి. తర్వాత రబ్బరు పాలతో కనురెప్ప ముక్కను అచ్చుపోసి పై రెప్ప మీద అతికించేవారు. రెండింటికీ ఒకటే జబ్బు. స్టూడియో దీపాల వేడికి, బయట ఎండకు చెమట పట్టి బంక వదిలి అంచు లేస్తుంది. లాగి కట్టిన కణత రెండు మూడు గంటలకు సడలుతుంది, అంటే పొద్దున తీసిన షాట్‌లో కన్ను ఒకలా, మధ్యాహ్నం షాట్‌లో ఇంకోలా. అతికించిన రెప్ప బరువుకి నటుడు కళ్లు తిప్పడం తగ్గిస్తాడు, చూపు మొద్దుబారుతుంది. ఈ పాత్రలన్నీ ఎప్పుడూ నిద్రమత్తులో ఉన్నట్టు కనిపించడానికి సగం కారణం ఇదే.

నలుపు తెలుపులో ఆ అంచు కనిపించేది కాదు. వెడల్పు తెర సినిమాస్కోప్ వచ్చాక, రంగుల్లో, అరవై అడుగుల తెర మీద దగ్గరి షాట్ వేస్తే అతుకు గీత గీసినట్టు తేలుతుంది. వేన్‌కు అందుకే తేలిక మేకప్‌తో సరిపెట్టారు: వంచి కిందికి జార్చిన మీసం, కనుబొమల కొసలు పైకి, కాస్త రంగు. దాంతో అటూ ఇటూ కాకుండా పోయింది.

పాతకాలం సినిమా ఏ ఏడాదిదో తెలియాలంటే ఆడవాళ్ల కనుబొమలు చూడండి. కథ క్రీస్తు పూర్వమైనా కనుబొమ మాత్రం షూటింగ్ జరిగిన ఏడాదిదే. 1934లో క్లాడెట్ కోల్‌బర్ట్ క్లియోపాత్రాకు దారంలా సన్నని బొమలు, 1963లో టేలర్‌కు దట్టమైన బొమలు, తోకలా సాగిన కాటుక. రవిక కుట్టు కూడా అంతే. రొమ్ము కింద కత్తిరింపులతో బిగించి కుట్టిన ఆ ఆకారం అరవైల నాటిది. గ్రీకు రాణి ఒంటి మీద గుడ్డ కుట్టు లేకుండా భుజం దగ్గర పిన్నులతో నిలిచేది.

---

పాతరీలు:

అయితే నా రెండో, మూడో అంశాలు కొట్టేశాను. మొదటిది ఉంచి, దానికి కారణాలు చేరుస్తున్నా. ఇంతకీ వేన్‌ను ఎవరు ఎందుకు తీసుకున్నారు?

---

బాక్సాఫీసు బాబాయ్:

డబ్బు దగ్గర మొదలుపెట్టు నాయనా.

1948లో అమెరికా సుప్రీంకోర్టు స్టూడియోల చేతుల్లోంచి సినిమాహాళ్లు తప్పించింది. అదే సమయంలో ఇంటింటికీ టీవీ. హాలుకు జనాన్ని రప్పించాలంటే టీవీలో చూపలేనిది చూపాలి. 1953లో ది రోబ్‌తో సినిమాస్కోప్ వచ్చింది. వెడల్పు తెర నిండాలంటే వేలమంది జనం, రాతి మేడలు, ఏనుగులు కావాలి. అంత ఖర్చుకు బ్యాంకు అప్పివ్వాలంటే పోస్టరు మీద పేరుండాలి. 1950ల్లో అమెరికాలో అందరికంటే అమ్ముడయ్యే పేర్లలో వేన్ ఒకడు. నిర్మాత హోవార్డ్ హ్యూస్, సంస్థ ఆర్‌కేఓ, దర్శకుడు డిక్ పావెల్. స్క్రిప్టు మొదట మార్లన్ బ్రాండోను దృష్టిలో పెట్టుకుని రాసింది. అది బ్రాండో నాలుకకు తగ్గ అలంకారాల ఇంగ్లీషు. అదే వేన్ నోట్లో పెడితే గడ్డిపరకలు నమిలినట్టుంది.

రెండో కారణం సెన్సారు. 1934 నుంచి గట్టిగా అమలైన హేస్ కోడ్‌లో తెల్ల, నల్ల జాతుల మధ్య శృంగారం చూపకూడదని రాసి ఉండేది. స్టూడియోలు భయంకొద్దీ దాన్ని ఆసియావాళ్లకూ సాగదీశాయి. హీరో తెల్లవాడైతే హీరోయిన్ తెల్లమనిషే కావాలి. 1937లో ది గుడ్ ఎర్త్‌కు చైనా రైతుగా పాల్ మ్యూనిని ముందే తీసుకున్నారు. దాంతో అతని భార్య పాత్ర చైనీస్ అమెరికన్ నటి అన్నా మే వాంగ్‌కు దక్కలేదు, లూయిస్ రైనర్‌కు వెళ్లింది. రైనర్‌కు ఆస్కార్ కూడా వచ్చింది. హీరోకు పేరున్నవాణ్ణి తీసుకున్న క్షణంలోనే మిగతా పాత్రల జాతి తేలిపోయేది. ఆ నిబంధనను 1956లో తీసేశారు గానీ అలవాటు పోలేదు.

మూడోది, జనం ఎక్కడ దొరికితే అక్కడే షూటింగ్. యుద్ధం తర్వాత ఇటలీ, స్పెయిన్‌లో అమెరికా కంపెనీల వసూళ్లు ఆ దేశం దాటి తీసుకెళ్లనివ్వలేదు. అక్కడే ఖర్చుపెట్టాలి. క్వో వాడిస్ (1951) రోమ్‌లో తీయడానికి అదో పెద్ద కారణం. స్పెయిన్‌లో ఫ్రాంకో ప్రభుత్వం సైన్యాన్ని ఎక్‌స్ట్రాలుగా ఇచ్చేది. స్పార్టకస్ (1960) చివరి యుద్ధంలో రోమన్ సైన్యం అంతా దాదాపు ఎనిమిది వేల మంది స్పానిష్ సైనికులే.

---

శిలాశాసనం:

బాబాయ్ చెప్పిన స్పెయిన్‌కే ఇంకో ఉదాహరణ, 55 డేస్ ఎట్ పెకింగ్ (1963). 1900లో చైనాలో విదేశీయుల మీద బాక్సర్ల తిరుగుబాటు, పెకింగ్ (ఇప్పటి బీజింగ్)లో విదేశీ రాయబార కార్యాలయాల ముట్టడి. పెకింగ్ నగరాన్ని మాడ్రిడ్ దగ్గర కట్టారు. జనం కోసం యూరప్ నలుమూలల నుంచి చైనీయుల్ని రప్పించారు. కానీ మాట్లాడే చైనీయ పాత్రలు చూడండి. రాజమాత త్సిషీగా ఇంగ్లీషు నటి ఫ్లోరా రాబ్సన్, సేనాని జుంగ్-లూగా లియో జెన్, యువరాజు తువాన్‌గా ఆస్ట్రేలియా బ్యాలే కళాకారుడు రాబర్ట్ హెల్ప్‌మన్. వెనకాల నిలబడే వందలమంది అసలు చైనీయులు, ముందు నిలబడి మాట్లాడే ముగ్గురూ రంగు పూసుకున్నవాళ్లు. ఒకే ఫ్రేములో ఇద్దరూ ఉండడంతో తేడా ఇంకా గుచ్చుకుంటుంది. రబ్బరు రెప్ప పక్కన నిజమైన రెప్ప.

ది కాంకరర్‌లోనూ అంతే. యూటాలో సెయింట్ జార్జ్ దగ్గర తీశారు. మంగోల్ దండుగా అక్కడి అమెరికా మూలవాసులైన షివ్‌విట్స్ పైయూట్ తెగ మనుషుల్ని పెట్టారు. వాళ్ల మధ్యలో వేన్.

---

కొత్తగావచ్చా:

సెయింట్ జార్జ్ అంటే అణుపరీక్షల ధూళి పడ్డ ఊరే కదా? ఆ సినిమాకి పనిచేసినవాళ్లంతా క్యాన్సర్‌తో చనిపోయారని అంటారు.

---

బాక్సాఫీసు బాబాయ్:

"అంతా" కాదు. పరీక్షలు నెవాడాలో 1953లో జరిగాయి, ఊరు గాలివాటున ఉంది, షూటింగ్ 1954లో. స్టూడియోలో కలపడానికి 60 టన్నుల మట్టిని కూడా హాలీవుడ్‌కు మోసుకెళ్లారు. 1980లో పీపుల్ పత్రిక లెక్కతీసి 220 మందిలో 91 మందికి క్యాన్సర్ వచ్చిందని, 46 మంది చనిపోయారని రాసింది. 91 అంటే నూటికి 41. అమెరికాలో జీవితకాలంలో క్యాన్సర్ వచ్చే మామూలు లెక్క కూడా దాదాపు అంతే. పైగా వేన్ రోజుకు పెట్టెలకొద్దీ సిగరెట్లు కాల్చేవాడు. ధూళి పడ్డది నిజం, ఆ ఊరి జనం నష్టపోయింది నిజం. ఈ ఒక్క అంకెతో సినిమా వాళ్ల సంగతి తేల్చలేం.

---

నిర్వాహకుడు:

క్యాన్సర్ విషయం ఇంతటితో ఆపుదాం. దానికి వేరే చర్చ తెరవండి. ఇక్కడ నటులు, చరిత్ర మాత్రమే.

---

రాగిరేకు:

నాకు ఒక పేచీ ఉంది. ఇప్పటిదాకా అందరూ ముఖం, జాతి పట్టుకుని మాట్లాడుతున్నారు. ఆ లెక్కన ది టెన్ కమాండ్‌మెంట్స్ (1956)లో ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ ఎంపిక నూటికి నూరు పాళ్లు సరైనది. బుకారెస్ట్‌లో పుట్టిన యూదుడు, దాతాన్ అనే హీబ్రూ పాత్ర వేశాడు. అయినా చూసినవాళ్లంతా ఉలిక్కిపడేది అతన్ని చూసే. ఎందుకు? నోరు తెరిస్తే 1931 నాటి తన గూండా సినిమాల షికాగో రౌడీ వినిపిస్తాడు. ఇటుకల బట్టీ దగ్గర నిలబడి బేరం పెడుతుంటే సారా మాఫియా లెక్క అప్పజెబుతున్నట్టుంటుంది.

యూల్ బ్రిన్నర్ వ్లాదివొస్తోక్‌లో పుట్టినవాడు, ఈజిప్టుతో చుట్టరికం లేదు. కానీ ఈజిప్టు రాజు రామ్సెస్‌గా ఒక్కరూ వేలెత్తరు. నడక, నిలబడే తీరు, ఏ దేశానిదో తేలని యాస, అన్నీ కలిసొచ్చాయి. సరిపడని ఎంపిక అనేది కంటికంటే చెవికి ముందు తెలుస్తుందని నా వాదన.

---

శిలాశాసనం:

రాగిరేకు గారూ, యాస మాట ఎత్తారు కాబట్టి. బెన్-హర్‌లో విలియం వైలర్ దీన్ని లెక్కగా వాడుకున్నాడు. రోమన్లకు బ్రిటిష్ దీవుల నటులు, యూదులకు అమెరికన్లు. ఎస్తేర్‌గా మాత్రం ఇజ్రాయెల్ నటి హయా హరారీత్. అధికారం ఒక యాస, అణగారినవాళ్లది ఇంకో యాస. చరిత్ర ప్రకారం ఇది అర్థంలేనిదే. ఆ ప్రాంతంలో రోమన్ అధికారులు జనంతో ఎక్కువగా గ్రీకులో మాట్లాడేవారు, జనం ఆరమాయిక్‌లో. కానీ ప్రేక్షకుడికి ఎవరు ఏ పక్షమో మొదటి మాటకే తెలుస్తుంది. మన పాత పౌరాణికాల్లో రాజు గ్రాంథికం, చెలికాడు వ్యావహారికం మాట్లాడినట్టే.

స్పార్టకస్‌లోనూ ఇదే సూత్రం: లారెన్స్ ఒలివియే, చార్లెస్ లాటన్, పీటర్ ఉస్తినోవ్ ఒకవైపు, కర్క్ డగ్లస్, టోనీ కర్టిస్ ఇంకోవైపు. అయితే ఆ సూత్రాన్ని సినిమాయే రెండుచోట్ల తప్పింది. బానిస వరీనియా ఇంగ్లీషు నటి జీన్ సిమ్మన్స్. సీజర్‌గా వేసిన జాన్ గావిన్ అమెరికన్, ఆ ముగ్గురి పక్కన నిలబడితే బ్యాంకు ఉద్యోగిలా వినిపిస్తాడు. కర్టిస్‌ది న్యూయార్క్ బ్రాంక్స్ యాస. పాత్ర ఆంటొనినస్ అనే పాటగాడు, కవిత చదివేవాడు. పక్కన ఒలివియే!

ఇదే బెన్-హర్‌లో అరబ్ షేక్ ఇల్దరీమ్‌గా వెల్ష్ నటుడు హ్యూ గ్రిఫిత్. ముఖమంతా గోధుమరంగు పూత. దానికి ఆస్కార్ ఇచ్చారు.

---

గుర్రపుడెక్క:

బెన్-హర్ రథాల ముచ్చట గూడ చెప్పాలె. సినిమా కోసం 18 రథాలు చేసిండ్రు, ఒక్కోటి 400 కిలోలు దాటుతది. అసలు రోమన్ పందెం రథం కట్టె, తోలు అల్లిక తోని చేసేటిది, ఇప్పుడు మళ్లీ చేసి చూసినోళ్ల లెక్కల 25 నుంచి 35 కిలోలు. గుర్రాల వెనక ఓ పెద్ద గంప తీరు. గంత తేలికది తెరమీద ఆనదు, పల్టీ కొడితే స్టంట్ మనిషి పానం పోతది. సినిమాల ఉన్నది ఊరేగింపు రథం తీరు, పందెంది కాదు. ఎదుటోని చక్రం కోసేటి ఇనుప మొనలు హీరో శత్రువు మెస్సాలా రథానికి పెట్టిండ్రు సూడు, రోమన్ పందేలల్ల గట్లాంటి దానికి ఆధారం లేదు. దండు రథాలకు కొడవళ్లు కట్టుడు పర్షియా పద్ధతి, యుద్ధం కోసం.

మెచ్చుకోవలసింది ఒకటున్నది. చుట్లు లెక్కవెట్టే డాల్ఫిన్ బొమ్మలు నిజమే. క్రీ.పూ. 33ల అగస్టస్ సేనాని అగ్రిప్ప రోమ్ పందెం మైదానంల పెట్టించిండు. రోమ్‌ల అసలు పందెం ఏడు చుట్లు. నాలుగు జట్లు, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నీలం. సినిమాల జట్ల రంగుల గోల లేదు, దేశాల లెక్కన తొమ్మిది రథాలు పెట్టిండ్రు. నవలల ఈ పందెం ఆంటియోక్‌ల జరుగుతది, సినిమాల యెరూషలేంకు మార్చిండ్రు.

---

రాగిరేకు:

ఓడ సంగతి వదిలేశారు. గొలుసులతో కట్టిన బానిసలు తెడ్లు వేయడం, డప్పు కొట్టేవాడు వేగం పెంచడం. బెన్-హర్ తర్వాత ఈ దృశ్యాన్ని ఎన్ని సినిమాలు ఎత్తుకున్నాయో. క్రీ.శ. మొదటి శతాబ్దం రోమన్ నౌకాదళంలో తెడ్లు వేసేవాళ్లు జీతానికి చేరిన మనుషులు, సైనికులుగానే లెక్క. చేసిన సర్వీసుకు చివర్లో రోమన్ పౌరసత్వం ఇచ్చేవారు. ఆ పత్రాలు కంచు రేకుల మీద చెక్కి ఇచ్చారు, ఇప్పటికీ దొరుకుతున్నాయి. కారణం సులువు: వందకు పైగా మనుషులు ఒక లయలో తెడ్డు వేయడం నేర్పు పని, పైగా యుద్ధంలో ఓడ మునిగేటప్పుడు నీ వైపు నిలబడేవాడు కావాలి. గొలుసుల తెడ్లవాళ్లు తర్వాతి కాలం, మధ్యధరా సముద్రంలో పదహారు, పదిహేడు శతాబ్దాల గాలీ ఓడలు. అక్కడిది తెచ్చి ఇక్కడ అతికించారు.

---

కొత్తగావచ్చా:

స్పార్టకస్ కథ చరిత్రకు దగ్గరగా ఉందని అనుకున్నాను. నిజమేనా?

---

శిలాశాసనం:

మొదలు, చివర రెండూ తప్పు, మధ్యలో కొంత ఒప్పు. ఒక్కొక్కటీ చెబుతాను.

సినిమా మొదటి మాటే అతను బానిసగా పుట్టి, లిబియా గనులకు అమ్ముడుపోయాడని. చరిత్రకారుడు అప్పియన్ రాసిన ప్రకారం అతను థ్రేస్ (గ్రీసుకు ఉత్తరాన ఉన్న ప్రాంతం) మనిషి, ఒకప్పుడు రోమన్ సైన్యంలో పనిచేసి, పట్టుబడి, గ్లాడియేటర్‌గా అమ్ముడుపోయాడు. ఇది చిన్న తేడా కాదు. రోమన్ సైన్యం ఎలా నడుస్తుందో లోపలి నుంచి తెలిసినవాడు కాబట్టే క్రీ.పూ. 73 నుంచి 71 దాకా వరుసగా సైన్యాల్ని ఓడించగలిగాడు. గనుల్లో పెరిగిన బానిసగా చూపితే ఆ నేర్పు ఎక్కణ్నుంచి వచ్చిందో సినిమా చెప్పలేక, శిక్షణ సన్నివేశాలతో సరిపెట్టింది.

చివర్లో అతన్ని శిలువ వేస్తారు. నిజంగా అతను యుద్ధంలోనే పోయాడు, శవం దొరకలేదు. శిలువ వేసింది పట్టుబడ్డ ఆరువేల మందిని, కపువా నుంచి రోమ్ దాకా వయా అప్పియా అనే రహదారి పొడుగునా. ఈ అంకె మాత్రం సినిమా ఉంచుకుంది. లాటన్ వేసిన గ్రాకస్ కల్పన. ఆ పేరున్న రోమన్ నాయకులు, గ్రాకస్ సోదరులు, అంతకు యాభై ఏళ్ల ముందే చంపబడ్డారు.

ద్వంద్వయుద్ధంలో వూడీ స్ట్రోడ్ పాత్ర ద్రాబా త్రిశూలం, వల పట్టుకుంటాడు. వల పట్టే గ్లాడియేటర్ మనకు ఆధారాల్లో కనిపించేది క్రీ.శ. మొదటి శతాబ్దం నుంచి. అతని ఎదుట నిలిచేవాడు కూడా థ్రేసియన్ తరహా గ్లాడియేటర్ కాదు, వల తగులుకోకుండా నున్నని గుండ్రటి శిరస్త్రాణం పెట్టుకున్న సెక్యూటర్. అయినా ఆ పోరు సినిమాలో అన్నిటికంటే మంచి ఘట్టం, తీసేయమని నేను అనను.

---

మేకప్‌పెట్టె:

బట్టల వైపు నుంచి మూడు గుర్తులు. సినిమా ఏదైనా పనికొస్తాయి.

మణికట్టు నుంచి మోచేతి దాకా తోలు పట్టీ. రోమన్ సైనికుడంటే ఇది ఉండాల్సిందే అన్నట్టు వేస్తారు. రోమన్ శిల్పాల్లో మామూలు సైనికుడికి ఇది కనిపించదు. కాస్ట్యూమ్ గదికి ఇది సులువు: ఒకే కొలత అందరికీ సరిపోతుంది, లేసులు బిగిస్తే చాలు, ఎక్‌స్ట్రా చేతి మీది గడియారం మచ్చ, పచ్చబొట్టు దాస్తుంది.

అడ్డంగా ఇనుప పట్టీలు బిగించిన కవచం. దొరికిన వాటిలో పాతవి అగస్టస్ కాలానివి, క్రీ.పూ. 9 ప్రాంతం. సీజర్ కథలో, స్పార్టకస్ కథలో అది కనిపిస్తే తప్పు. అప్పుడు ఉండాల్సింది ఇనుప వలయాలు అల్లిన జాలి చొక్కా. జాలి చొక్కా పది కిలోల పైన బరువు, వేలమందికి చేయించడం ఖర్చు. అందుకని ఉన్ని దారాన్ని అల్లి వెండి రంగు వేసేవారు, దగ్గర షాట్‌లో మెత్తగా ముడతలు పడి దొరికిపోతుంది.

చేయి చాచి చేసే వందనం. ఏ రోమన్ రచనలోనూ దీని వర్ణన ఇలా లేదు. 1784లో డేవిడ్ గీసిన హొరేషియస్ సోదరుల ప్రమాణం బొమ్మలోంచి రంగస్థలానికి, అక్కణ్నుంచి మూకీ సినిమాలకు వచ్చింది. బొటనవేలు కిందికి చూపి చంపమనడం 1872లో జెరోమ్ గీసిన బొమ్మ పుణ్యం. ఆ సైగకు రోమన్లు వాడిన లాటిన్ మాటకు "బొటనవేలు తిప్పి" అనే అర్థం, ఎటు తిప్పారో చెప్పదు. మనవైపు దేవతలందరికీ రవివర్మ బొమ్మల్లోని జరీచీర ఎలా స్థిరపడిందో, ఇదీ అలాంటిదే.

---

బాక్సాఫీసు బాబాయ్:

తప్పులు సరే, ఎవరూ చెప్పని మంచి ఒకటి నేను చెబుతా. ల్యాండ్ ఆఫ్ ది ఫారోస్ (1955). హోవార్డ్ హాక్స్ దర్శకుడు, రచయితల్లో విలియం ఫాక్‌నర్ ఒకడు. ఈజిప్టు ఫారో (రాజు) ఖుఫూ గుండె నిండా కుట్ర, జోన్ కాలిన్స్ ఒంటి నిండా నగలు, కథ నాటకం. కానీ చివర్లో సమాధి మూసే విధానం చూడు. కుండలు పగలగొడితే ఇసుక కారుతుంది, ఇసుక ఖాళీ అయ్యేకొద్దీ దాని మీద ఆనిన రాళ్లు కిందికి దిగి దారి మూసేస్తాయి.

---

శిలాశాసనం:

ఆ ఇసుక ఉపాయం నిజమైనదే బాబాయ్, కాలం మాత్రం రెండువేల ఏళ్లు తేడా. క్రీ.పూ. ఏడు, ఆరు శతాబ్దాల్లో, సాయిస్ రాజుల కాలంలో, లోతు బావి సమాధుల్లో పేటిక మూతను ఇసుకతో దించేవారు. తర్వాత బావంతా ఇసుకతో నింపేస్తే, దొంగ ఎంత తోడినా పైనుంచి జారుతూనే ఉంటుంది. ఖుఫూ పిరమిడ్‌లో పద్ధతి వేరు: రాజు గది ముందు మూడు గ్రానైట్ పలకలు గాడుల్లో పైనుంచి దించేవి, ఎక్కే దారికి గ్రానైట్ బిరడాలు.

---

రాగిరేకు:

చిట్టాలో చేర్చడానికి ఇంకో రెండు. ఖార్టూమ్ (1966)లో బ్రిటిష్ సేనాని గోర్డన్ (చార్ల్టన్ హెస్టన్), సూడాన్ తిరుగుబాటు నాయకుడు మహదీ (ముఖానికి నల్లరంగు పూసుకున్న ఒలివియే) రెండుసార్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడతారు. ఇద్దరూ ఎప్పుడూ కలవలేదు, ఉత్తరాలు మాత్రం రాసుకున్నారు. ఇద్దరు పెద్ద నటుల్ని పెట్టి కలపకపోతే నిర్మాత ఊరుకోడు.

ది ఫాల్ ఆఫ్ ది రోమన్ ఎంపైర్ (1964)లో రోమన్ చక్రవర్తి కొమ్మోదస్ నగరం నడిబొడ్డున ఫోరం అనే కూడలిలో ఈటెల ద్వంద్వయుద్ధంలో చస్తాడు. నిజంగా క్రీ.శ. 192 చివరి రోజు, ముందు విషం పెట్టి, అది పనిచేయక, నార్సిసస్ అనే కుస్తీవాడితో గొంతు నులిమించారు. ఇంకొకటి: తండ్రి మార్కస్ ఒరీలియస్ అతన్ని పక్కనపెట్టాలనుకున్నాడన్నది కథకు ఆయువుపట్టు. కానీ క్రీ.శ. 177లోనే తండ్రి అతన్ని సహచక్రవర్తిని చేశాడు. ఆ సంగతి ఒప్పుకుంటే మూడు గంటల సినిమా మొదటి అరగంటలోనే ఆగిపోతుంది.

---

గుర్రపుడెక్క:

గా సినిమాకు మాడ్రిడ్ దగ్గర కట్టిన రోమన్ ఫోరం మాత్రం ఒక్కసారి సూడాలె. రంగు తెర మీద బొమ్మ కాదు, నిలబెట్టి కట్టిండ్రు. అండ్ల గూడ రౌతులకు రికాబులున్నయా లేదా, అది మీరే ఆపి చూసి చెప్పుండ్రి.

---

పాతరీలు:

చిట్టా తిరగరాశాను. "నటుల ఎంపిక" కింద ది కాంకరర్, 55 డేస్ ఎట్ పెకింగ్, ఖార్టూమ్, బెన్-హర్ షేక్. రాగిరేకు గారి మాట విని "యాస" అని వేరే గడి పెట్టి అందులో దాతాన్, ఆంటొనినస్. "కట్టుకథలు" కింద ఎర్రకారు, గడియారం. రికాబులకు గడి పెట్టలేదు, పెడితే అన్ని సినిమాలూ అందులోకే వస్తున్నాయి. క్వో వాడిస్ ఎవరూ ముట్టుకోలేదు. క్రీ.శ. 64లో రోమ్ తగలబడగానే చక్రవర్తి నీరో చచ్చినట్టు చూపారు, చచ్చింది 68లో. మధ్య నాలుగేళ్లు ఏమయ్యాయో ఎవరైనా అందుకుంటారా?

---

శిలాశాసనం:

నీరో భార్య పొప్పాయియా 65లో పోయింది, అతని కొలువులోని రచయిత పెట్రోనియస్ 66లో. సినిమాలో ఇద్దరూ ఆ నాలుగేళ్లతో పాటే కుదించుకుపోయారు. అగ్ని మొదలైనప్పుడు నీరో రోమ్‌లో కాదు, ఆన్‌టియం అనే ఊళ్లో ఉన్నాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. మిగతాది రేపు సన్నివేశాల వారీగా రాస్తాను, ఉస్తినోవ్ నీరో మీద మాత్రం ఈగ వాలనివ్వను.